గేర్ల బండే కావాలన్న మద్దిలేటి

ఆళ్లగడ్డలో మద్దిలేటిని మించిన మొండిఘటం ఉంటే చూపించండి, చూద్దాం! పత్తి మిషను బెల్టులో పడి ఎడమకాలు మోకాలి దాకా పోయినప్పుడు కూడా ఏడవలేదు. అంతకుముందు ఇంటి పత్తినంతా పాత మిలిటరీ ట్రక్కు వెనక ట్రైలరు కట్టుకుని నంద్యాల మిల్లుకు తోలేది తనే. ఆ సీట్లో జీతగాడు కూర్చున్న రోజు మాత్రం అన్నం ముట్టలేదు.

అన్న చెన్నకేశవులు చెడ్డవాడేం కాదు. జాలి ఎక్కువ, అదే చిక్కు. 1957లో మద్రాసు నుంచి పాత అమెరికా కారొకటి తెప్పించాడు. దానికి క్లచ్చి లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. కుడికాలు ఒక్కటుంటే చాలు.

"నీ కోసమే తెచ్చినా. హాయిగా తిరుగు."

"ట్రైలరు లాగుతాదా?"

"నీకింక ట్రైలరెందుకప్పా?"

ఆ మాటకు మద్దిలేటికి ఒళ్లు మండింది. మర్నాడే పత్తి బోరేలు, అదే పెద్ద గోతాలు, నింపిన ట్రైలరును ఆ కారుకే తగిలించాడు. చదును దారిలో కులుకుతూ పోయింది మహాతల్లి. వాగు దాటి ఎత్తు మొదలైందో లేదో, ఇంజను అరుస్తుందే గానీ చక్రాలు కదలవు. కింద నూనె కాగి మాడువాసన కొట్టింది. చివరికి ఎద్దులను కట్టి ఈడ్చుకొచ్చారు. బజారంతా నవ్వింది.

"చెప్తే వింటివా? బరువులు మానుకో," అన్నాడు అన్న.

"మానుకోను. గేర్ల బండే తోల్తా."

"క్లచ్చి దేంతో తొక్కుతావ్, నెత్తితోనా?"

మద్దిలేటి కమ్మరి దగ్గరికి పోయి ట్రక్కు క్లచ్చికి నిలువుగా ఇనుప కడ్డీ బిగించుకొచ్చాడు. ఒక చెయ్యి స్టీరింగుకు, ఒకటి గేరుకు. మరి కడ్డీ నొక్కేదెవరు? భార్య కమలాక్షమ్మ కొంగు బిగించి పక్క సీట్లోకి ఎక్కింది.

"నువ్వు చెప్పు, నేను నొక్కుతా."

పెద్దింటి కోడలు, పట్టపగలు, ట్రక్కులో! అత్త తలుపేసుకుంది. మొగుడూ పెళ్లాలు చేలో ఖాళీ బండితో నేర్చుకున్నారు. ఇంజను ఆగినప్పుడల్లా ఒకరినొకరు తిట్టుకున్నారు.

ట్రైలరు నింపి బయల్దేరిన రోజు, ఎత్తు పైన నడిరోడ్డు మీద ఎద్దులతో కాచుకుని ఉన్నాడు చెన్నకేశవులు. ఎత్తు మధ్యలో గేరు మార్చక తప్పదు. గేరు తప్పితే ట్రైలరు వాగులోకి ఈడ్చుకుపోతుంది, పక్కన పెళ్లాం ఉంది.

"నొక్కు!"

ఆమె రెండు చేతులతో ఒరిగిపోయి నొక్కింది. గేరు పడింది.

"వదులు... మెల్లగా!"

ట్రక్కు ఒక్కసారి వణికింది. బరువందుకుని ఎక్కింది, పైదాకా ఎక్కింది!

అన్న ముఖం గంటు పెట్టుకుని ఎదురొచ్చాడు. "ఆడదాంతో క్లచ్చి తొక్కిస్తాండావే, సిగ్గులేదా?"

"లేదన్నా. మిల్లు కాడ అందరూ చూస్తారు. చూడనీ."

పెళ్లయినప్పటి నుంచి బావ ఎదుట నోరెత్తని కమలాక్షమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"బావా, ఎద్దుల్ని పక్కకు తోలుకోండి. మేం నంద్యాల పోవల్ల."