కనీసం ఒక పేరు

పెద్దమ్మ పోయిన ఉదయం ఆసుపత్రి కౌంటర్ దగ్గర కంప్యూటర్ తెర చూడగానే గుర్తుపట్టాను. తండ్రి పేరు, తల్లి పేరు, భర్త పేరు. ఒకప్పుడు ఆ దరఖాస్తుకు ఎక్స్‌ఎంఎల్ స్కీమా, అంటే ఏ గడిలో ఏం ఉంటేనే కంప్యూటర్ ఒప్పుకోవాలో చెప్పే నియమాలు, రాసింది నేనే. మూడింటిలో ఏదీ తప్పనిసరి కాదు, కానీ కనీసం ఒకటి ఉండాలి. మేం వాడిన స్కీమాలో ఆ మాట సూటిగా చెప్పే వీలు లేదు. అందుకని మూడు దారులు విడివిడిగా రాశాను: తండ్రితో మొదలయ్యేది, తండ్రి లేకపోతే తల్లితో, ఇద్దరూ లేకపోతే భర్తతో. ఎవరూ లేనివాళ్లకు దారి రాయలేదు. అలాంటివాళ్లు ఉంటారని తోచలేదు. అప్పుడు కూడా పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంది.

ఆమె మాకు చుట్టం కాదు. జహనుమా బస్తీలో మా ఇంటి వెనక గదిలో ఉంటూ గుడికి పూలదండలు కట్టేది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో గుడి మెట్ల మీద వదిలి వెళ్లారు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ డ్యూటీకి వెళ్తే నాకు అన్నం పెట్టింది ఆమే.

"తండ్రి పేరు చెప్పన్నా," అన్నాడు ఆపరేటర్.

"తెల్వదు."

"తల్లి?"

"గామె గూడ తెల్వదు. పెండ్లి గాలే. ఖాళీగ ఇడిశిపెట్టు."

"ఖాళీగ ఇడిస్తె తీస్కోదు. చీటీ రాదు. చీటీ లేకుంటె మార్చురీల బాడీ ఇయ్యరు." గొంతు తగ్గించాడు. "ముందుగాల చుక్క పెడితె పోతుండె. గది గూడ ఎవడో హుషార్‌గాడు బంద్ జేసిండు."

ఆ హుషార్‌గాడిని నేనే. పేర్లకు బదులు చుక్కలు వస్తున్నాయని ఫిర్యాదు వస్తే, కనీసం మూడు అక్షరాలు ఉండాలన్న నియమం చేర్చాను. అతనికి ఆ సంగతి చెప్పలేదు. ఆ కంపెనీ వదిలేసి చాలా కాలమైంది. చెప్పినా మార్చగలిగేది లేదు.

"జల్దీ భాయ్, మా అబ్బా గూడ లోపట్నే ఉన్నడు," అన్నాడు తండ్రి శవం కోసం నా వెనక వరసలో నిలబడ్డ ఒకతను.

తండ్రి పేరు దగ్గర మా నాన్న పేరు చెప్పాను. నాన్న ఆమె కన్నా పదేళ్లు చిన్న. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

చీటీ తీసుకుని మార్చురీ దగ్గరికి వెళ్లాను. నాన్న అప్పటికే అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చీటీ అందుకున్న మనిషి లోపలికి వెళ్లి, కాసేపటికి తలుపు తీసి ఆమె పేరు చదివాడు. నాన్న పేరు చదివి, ఆయన బిడ్డ అన్నాడు.

"ఈమె తాలూకు ఎవలన్న ఉన్నరా?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకుని, "ఉన్నం," అన్నాను.