ఫొటోలో వెనక నిలబడ్డవాళ్ళు

నా చిన్నప్పుడు ఊరు పోయొచ్చినవాళ్ళు ఒక్క ఫొటో చూపించి వదిలేసేవాళ్ళు. ఇప్పుడా దయ లేదు. మొన్న తొర్రూరులో మా పక్కింటాయన సింగపూర్ చూసొచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చాడు. చాయ్ చల్లారింది గానీ సింగపూర్ అయిపోలేదు. ప్రతి ఫొటోలోనూ ఆయనే. ఊరు మాత్రం అక్కడక్కడా ఆయన భుజం మీంచి తొంగి చూస్తోంది. "ఎట్లుంది మేడం?" అన్నాడు. "మీ వెనక ఈ ఎర్రచొక్కా ఆయనెవరు?" అన్నాను. ఆయనకు తెలియదు. కొంచెం నొచ్చుకున్నాడు కూడా. ఏం చేయను, ఫొటో ఇస్తే వెనక నిలబడ్డవాళ్ళనే చూడటం నాకు అలవాటు. అది ఎక్కడ అంటుకుందో చెప్తాను.

మాది జఫర్‌గఢ్ దగ్గర ఊరు. రేకుల కప్పున్న చిన్న చర్చి, దానికి పెద్ద పేరున్న సంఘం. అప్పటిదాకా మిషనరీలంటే మా దిక్కు వచ్చే తెల్లవాళ్ళే. అలాంటిది మా సంఘమే ఇద్దరు మిషనరీలను పరాయి దేశం పంపింది. వాళ్ళు మా చిన్నమ్మా, చిన్నాయనా. పరాయి దేశమంటే నేపాల్. పాస్‌పోర్టు అక్కర్లేని దేశం కాబట్టి మా తాహతుకు సరిపోయింది.

వాళ్ళను పోషించింది మా ఊరి ఆడవాళ్ళ పిడికిళ్ళు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ అందులోంచి పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలు చర్చికి వచ్చేవి. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు కాఠ్మాండూ పోయేది. మా వాడకట్టున ఒంటరిగా ఉండే ఒక ముసలవ్వ కూలి దొరకని నాడు పొయ్యి వెలిగించేది కాదు. మరునాడు రెండు పిడికిళ్ళు వేసేది. నిన్నటి బాకీ అనేది. దేవుడు అడగలేదు, పాస్టరూ అడగలేదు. అదో పద్ధతి.

ఒక ఎండాకాలం, పని ఎట్లా సాగుతున్నదో చూసి రమ్మని సంఘం మా అమ్మమ్మను పంపింది. కూతురిని చూసినట్టూ ఉంటుందన్నారు. తోడుగా నన్ను పంపారు. స్టేషన్ల మీద పేర్లు చదవగలిగింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. మొదటి రైలులో ఆ పేర్లన్నీ గట్టిగా చదివాను. రెండో రైలులో చదవొద్దన్నారు.

కాఠ్మాండూలో చిన్నాయన బస్సు దగ్గరికి వచ్చాడు. పొడుగు మనిషి, ఊరు విడిచిన నాటికన్నా సగమయ్యాడు. మాట మధ్యలో ఆగి దగ్గేవాడు. ఆయన ఒక బడిలో లెక్కలు చెప్పేవాడు, చిన్నమ్మ దవాఖానలో నర్సు. మతం మారడం అక్కడ అప్పట్లో నేరం. కాబట్టి బోధ అంతా ఇంట్లోనే, తలుపు దగ్గరికి వేసుకొని.

వచ్చిన మరునాటి నుంచీ ఆయన మాకు నగరం చూపించడం మొదలుపెట్టాడు. రాజుల కోటలు చూపించాడు. కోతులున్న గుట్ట ఎక్కించాడు. ఒక కోతి అమ్మమ్మ చేతిలో అరటిపండు లాక్కుపోతే, "గిది మన ఊరి సర్పంచు లెక్కనే ఉన్నది" అంది అమ్మమ్మ. గోపురం మీద పెద్ద పెద్ద కళ్ళు రాసి ఉన్న తెల్లటి స్తూపం చూపించాడు. ఆ కళ్ళు నేను ఎటు పోతే అటు చూశాయి. క్రీస్తు పని చూడ్డానికి పోయిన మేము ఆ ఊళ్ళో గుళ్ళన్నీ చూశాము. ప్రార్థన మాట ఎత్తితే మాత్రం, "రేపు చూద్దాం అత్తమ్మా, ఇయ్యాల జర కాళ్ళు నొస్తున్నయి గదా" అనేవాడు. అమ్మమ్మ కాళ్ళకు ఏమీ కాలేదు.

చివరికి ఒక సాయంత్రం చెప్పులు విడుస్తూ అంది అమ్మమ్మ: "నాయినా, బొమ్మలు మస్తు చూపిచ్చినవు. ఇగ మనుషుల్ని చూపియ్యి."

ఆయన తల వంచుకున్నాడు. "ఆదివారం," అన్నాడు.

ఆదివారం పొద్దున చిన్నమ్మ గది ఊడ్చి పెద్ద చాప పరిచింది. పది మంది హాయిగా కూర్చోవచ్చు. అమ్మమ్మ ఒక మూల కూర్చుంది. నేను పక్కన. చిన్నమ్మ ముందర. చిన్నాయన కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడి కాసేపు తలుపు వైపు చూశాడు. తర్వాత ప్రసంగం మొదలుపెట్టాడు, నేపాలీలో. గదిలో ఆ భాష వచ్చింది చిన్నమ్మకొక్కదానికే. ఆ ప్రసంగం ఆమె ఇంతకుముందే విని ఉంటుందని ఆమె ముఖం చెప్పింది. నాకు నవ్వొచ్చి అమ్మమ్మ ముఖం చూశాను. తర్వాత నవ్వు రాలేదు.

అయిపోయాక అడిగాను, తెలుగులో చెప్పొచ్చు కదా అని. పిల్లను కాబట్టి అడగగలిగాను.

"నడిమిట్ల ఎవరన్న తలుపు తోసుకొని అస్తే, ఆళ్ళకు సమజ్ కావాలె గద బిడ్డా," అన్నాడు.

ఎవరూ తోయలేదు. అన్నేళ్ళలో ఒక్కరు కూడా తోయలేదని మధ్యాహ్నం నల్లా దగ్గర గిన్నెలు తోముతూ చిన్నమ్మ అమ్మమ్మతో చెప్పింది. నేను బోర్లించిన గిన్నెలు అందుకుంటున్నాను.

"అవ్వా, ఆయన ఛాతీ గీ చలికి ఆగదే. నర్సును, నాకు తెల్వదా? ఇంటికి పోదాం అంటే ఇనడు. పిడికెడు బియ్యం తిన్న, ఒక్క మనిషిని సూత చూపియ్యకుంట ఏం మొఖం పెట్టుకొని పోవాలె అంటడు. సంగం పిలిస్తే అస్తడు. నువ్వు పోయి చెప్పు. ఈడ ఎవ్వరు లేరని చెప్పు."

"చెప్త."

"సిగ్గుపడి ఊకుంటవేమో."

"చెప్త అన్న గద బిడ్డా. కోతపండుగకు మీరు మన చర్చిలనే కూసుంటరు."

తిరిగి వచ్చేముందు చిన్నాయన మమ్మల్ని మళ్ళీ ఆ స్తూపం దగ్గరికి తీసుకుపోయాడు, ఫొటో దిగుదామని. అక్కడ డబ్బా కెమెరా పెట్టుకున్న మనిషి ఒకడు ఉన్నాడు. మేము నిలబడగానే కొండల మీంచి యాత్రకు వచ్చిన జనం మా వెనక చేరారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు. ఎవరూ పిలవలేదు. ఫొటో తీస్తున్నారని తెలిసి నవ్వుముఖాలు పెట్టుకుని నిలబడ్డారు. ఫొటోవాడు వాళ్ళను ఇంకా దగ్గరికి జరగమన్నాడు. ఆ ఊళ్ళో మా చిన్నాయన వెనక జనం నిలబడటం అదొక్కసారే.

రైళ్ళన్నిటిలోనూ అమ్మమ్మ చెప్పవలసిన మాట లోలోపల అనుకుంటూ వచ్చింది. పెదవులు కదలడం నేను చూశాను.

ఆదివారం చర్చిలో ఆమె లేచి నిలబడేసరికే ఫొటో ఆడవాళ్ళ చేతుల్లోకి పోయింది. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. "అవ్వో, ఎంతమంది!" అన్నారు. ఎవరో ఏడ్చారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. చివరికి అది పొయ్యి వెలిగించని ఆ ముసలవ్వ చేతికి వచ్చింది. ఆమె ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టింది.

"గీ పెద్దమనిషి నా పిడికెడు," అంది. "గీ పోరి నీది. గీ సంటిపిల్లగాడు, ఆగు, గీడు సూత నాదే."

తర్వాత తల ఎత్తి అమ్మమ్మను అడిగింది. "చెప్పు బిడ్డా, అందరు మంచిగున్నరా?"

అమ్మమ్మ ఆమె వేలినే చూస్తూ నిలబడింది. "ప్రయాణం మంచిగయింది," అని కూర్చుంది.

అందులో ఒక్క అబద్ధం లేదు. ఇంటికి పోయే తొవ్వలో నేను చెయ్యి గుంజి ముఖంలోకి చూస్తే, "వచ్చే వారం చెప్త" అంది. వచ్చే వారం కుండలు ఎప్పటికన్నా నిండుగా వచ్చాయి. ఆ పై వారం ఫొటోకు అద్దం కట్టించి గడియారం పక్కన గోడకు కొట్టారు. గోడకెక్కినదాన్ని దించడం ఎవరి తరం కాదు. కోతపండుగ వచ్చింది, పోయింది. మళ్ళీ ఒకటి వచ్చింది.

ఆ చలికాలం నడుమ టెలిగ్రాం వచ్చింది. చిన్నాయన అక్కడే పోయాడు. ఆయనను ఎక్కడ పూడ్చారో మాలో ఎవరమూ చూడలేదు.

ఇప్పుడు ఆ చర్చికి స్లాబ్ పడింది, టైల్స్ పడ్డాయి. పాతవన్నీ తీసేస్తుంటే ఫొటో నేను తెచ్చుకున్నాను. ముందర నిలబడ్డ నలుగురిలో ముగ్గురు లేరు, ఉన్నది నేనే. వెనకవాళ్ళు మాత్రం అట్లాగే నవ్వుతున్నారు. ఎవరి ఆశనూ విరగ్గొట్టకుండా ఊరుకోవడం మంచితనమే అని చాలా రోజులు అనుకున్నాను. కాలేజీలో పిల్లలకు కూడా అదే చెప్పాను. ఇప్పుడు ఊరుకుందామని అనిపించినప్పుడల్లా, ఎదుటివాళ్ళ సంగతి కాదు, అక్కడ లేనివాళ్ళ సంగతి గుర్తొస్తుంది. గుర్తొచ్చినా సగం సార్లు ఊరుకుంటాను.

అప్పట్లో, ఆ టెలిగ్రాం వచ్చిన కొన్నాళ్ళకు, చిన్నమ్మ ఒక ట్రంకుపెట్టెతో జనగామ స్టేషన్‌లో దిగింది. ఆదివారం చర్చికి వచ్చింది. గోడ మీది ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. ముసలవ్వ ఆమెను పట్టుకొని ఏడ్చి, ముక్కు తుడుచుకొని అడిగింది: "నీ సంగపోళ్ళంత ఎట్లున్నరు బిడ్డా?"

"మంచిగున్నరు," అంది చిన్నమ్మ.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ కంచంలో అన్నం పెట్టి ముందర కూర్చుంది. చిన్నమ్మ చెయ్యి కడుక్కుంది గానీ ముద్ద కలపలేదు.

"అవ్వా," అంది, "నువ్వు చెప్పనే లేదు."