ఖండప్ప ఆపిన బండి

ఖండప్ప వ్యాను ఎన్నడూ ఆగలేదు. నిలబడిపోయిన ప్రతిసారీ దాన్ని ఖండప్పే ఆపాడు. ఈ రెంటికీ ఉన్న తేడా, కుశనూరు నుంచి బీదరు దాకా రోజూ ఆ వ్యానులో పోయి వచ్చే జనానికి తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. తలకెక్కినవాళ్లు నవ్వుకున్నారు. ఎక్కనివాళ్లు బస్సెక్కారు.

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకున్న మరుసటి ఏడు ఈ వ్యాను తన ఇంజనునే మార్చుకుంది. పాతది పెట్రోలు తాగి పొగ కక్కడం తప్ప మరో పని చేయనని మొండికేస్తే, నౌబాదులో కొత్తగా రేకుల షెడ్డు వేసుకున్న పీరప్ప మిస్త్రీ హైదరాబాదు నుంచి రీకండిషన్ ఇంజను తెచ్చి బిగించాడు. ఆ షెడ్డులో అదే మొదటి పెద్ద పని. ఆ సంబరంలో ఐదుగురి ముందు, "ఈ ఇంజను రోడ్డు మీద నిలిస్తే నా దుకానం బంద్ చేస్త" అని ఒట్టు పెట్టుకున్నాడు. నోటికి వేసుకోవాల్సిన తాళాన్ని షెడ్డుకు వేస్తానన్న మనిషి పీరప్ప.

వారం తిరక్కుండానే వ్యాను తన గుణం చూపించింది. పదిహేను మైళ్లు పువ్వులా పోయేది. ఆ తరవాత రెండుసార్లు దగ్గేది, ఒకసారి ఎగిరేది, నిలబడేది. ఖండప్ప స్టీరింగు మీద నుంచి చేతులు తీసి, మీసం దువ్వుకొని, "నేనే ఆపిన" అనేవాడు.

ఎందుకాపావంటే జవాబు సిద్ధంగా ఉండేది. జొన్న చేను బాగుంది, చూడమనేవాడు. చెట్టన్నది లేని చోట మిట్టమధ్యాహ్నం ఆగితే, ఇక్కడ గాలి మంచిగ తగుల్తుందనేవాడు. ఒకసారి వాగు నడుమ, నీళ్లు మెట్టు దాకా వచ్చిన చోట నిలబడింది. జనం కాళ్లు పైకి లాక్కొని కూర్చుంటే ఖండప్ప వెనక్కి తిరిగి, బజారుకు పోయేటోళ్లు కాళ్లు కడుక్కోండ్రి అని మర్యాద చేశాడు. ఇంకోసారి శవయాత్ర ఎదురొస్తున్నదని గౌరవంగా ఆపానన్నాడు. అరగంట చూసినా శవం రాలేదు. పాపం, బతికినట్టున్నాడు అని సంతోషించాడు.

వెన్న డబ్బాతో వారానికి రెండుసార్లు బజారుకు పోయే గుండమ్మకు మాత్రం ఈ వైభోగాలు నచ్చేవి కావు. ఆమె ఎక్కించిన వెన్న బీదరు చేరేసరికి నెయ్యి కావడానికి సగం దారిలో ఉండేది. ఆమే ఒకనాడు నౌబాదులో దిగి, పీరప్ప షెడ్డులోకి పోయి, "నీ ఇంజనుకు నిద్ర జబ్బున్నది కొడుకా" అని చెప్పి వచ్చింది.

పీరప్ప పేరంతా ఆ ఒక్క ఇంజను మీదే నిలిచి ఉంది. మన్నళ్ళి నుంచి ఒక జీపు ఆసామి తన ఇంజను కూడా మార్పిద్దామని వచ్చి, ఈ మాట విని మళ్లీ వస్తానని పోయాడు. ఖండప్పను పిలిచి అడిగితే రోగం లేని రోగిలా కూర్చున్నాడు.

"నిలుస్తుందంట కదా మామా?"

"నిలువలే. నేనే ఆపిన."

"ఆపినంక ఏం చేస్తవ్?"

"పెట్రోలు ఉన్నదా అని మూత తీసి చూస్త. ఉంటది. మూత పెట్టి సెల్ఫ్ కొడ్త. లేస్తది. లేవకేం, ఆపింది నేనే కదా."

ఇలాంటి మనిషి నోట రోగలక్షణాలు రాబట్టడం రాతి నుంచి నూనె పిండడమే. పీరప్ప ప్లగ్గులు విప్పి చూశాడు, కార్బురేటరు కడిగాడు, పంపు మార్చాడు, కాయిలు మార్చాడు. వ్యాను ఎప్పటిలాగే పదిహేను మైళ్లకు ఆగింది, క్షమించాలి, ఆపబడింది. ఇట్లా పదకొండు నెలలు గడిచాయి. చివరికి పీరప్ప షెడ్డు మూసుకొని తనే వ్యానెక్కి కూర్చున్నాడు.

పదిహేనో మైలు దగ్గర దగ్గింది, ఎగిరింది, నిలబడింది. ఖండప్ప ఎవరిదో గేదె అందాన్ని పొగడడం మొదలుపెట్టాడు. పీరప్ప ఆ మాటలు వినకుండా దిగి, పెట్రోలు టాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి దూరింది. టాంకు నెల రోజులు ఊపిరి బిగబట్టి ఇప్పుడే పీల్చినట్టుంది.

అసలు మూత ఇంజను మారిన వారంలోనే ఎక్కడో పడిపోయింది. ఖండప్ప లోహం మీద వెండి చెక్కే బిద్రీ పనివాడైన దోస్తు చేత నగిషీలతో ఇత్తడి మూత చేయించి, లోపల సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి పెట్టాడు. చీమ కూడా దూరదని దాని గొప్ప. చీమతోపాటు గాలి కూడా దూరలేదు. పెట్రోలు బయటికి పోయిన కొద్దీ గాలి లోపలికి రావాలి కదా. రాకపోయేసరికి టాంకు పెట్రోలును గట్టిగా పట్టుకొని కూర్చునేది. చూద్దామని మూత తీస్తే గాలి దూరేది, బండి లేచేది. కొత్త ఇంజను పదకొండు నెలలుగా ఒక మూత చేసిన తప్పుకు నింద మోస్తోంది.

పీరప్ప మేకుతో మూతకు సన్నటి బొక్క పెట్టాడు. ఆనందం ఒక కంట, కోపం ఒక కంట. బండి దానంతటదే నిలుస్తోందన్న ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే తన నిద్ర తనకు దక్కేది. ఖండప్ప నగిషీ పాడైనందుకు కాస్త బాధపడి, "ఇంక ఆపబుద్ధి కాకపోవచ్చు" అన్నాడు.

నిజంగానే కాలేదు. పదిహేను రోజులు వ్యాను ఎక్కడా ఆగలేదు. గుండమ్మ వెన్న వెన్నగానే బజారు చేరింది. జీపు ఆసామి మళ్లీ వస్తానని కబురు పంపాడు. ఒక సోమవారం పొద్దున పీరప్ప కుశనూరులో ఏదో పని చూసుకొని, ఖండప్ప పక్కనే రాజాలా కూర్చొని బయలుదేరాడు.

ఆ రోజు అందరూ తొందరలోనే ఉన్నారు. అబ్బయ్యకు కోర్టులో తారీకు. పొలం గట్టు తగాదా మీద తొమ్మిదేళ్లుగా బీదరు తిరుగుతున్న మనిషి, వకీళ్ల కన్నా ఎక్కువ చట్టం మాట్లాడతాడు. రోడ్డుకు దూరంగా ఉన్న ఊళ్లో బడిలో చదువు చెప్పే శరణమ్మకేమో కన్నడ పరీక్ష. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకుంటే ఇంటికి పంపుతారు. ఆమె ఎక్కే మలుపు దగ్గర వ్యాను ఐదు నిమిషాలు ఆగింది. శరణమ్మ జాడ లేదు. అబ్బయ్య లేచి, ఒక్కరి కోసం పదిమందిని నిలబెట్టే హక్కు నీకెవరిచ్చారని ఖండప్పను నిలదీశాడు. ఖండప్ప బండి తీశాడు.

రెండు ఫర్లాంగులు పోయాక వ్యాను నిలబడింది.

"ఖరాబైంది," అన్నాడు ఖండప్ప.

పదకొండు నెలల్లో ఆ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. ఆ వెంటనే నవ్వులు పుట్టాయి, అందరి చూపులూ పీరప్ప మీదికి తిరిగాయి. షెడ్డుకు తాళం ఉందా, బీదరులో నన్ను కొనుక్కురమ్మంటావా అని గుండమ్మ ఆప్యాయంగా అడిగింది.

పీరప్పకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి. దగ్గు లేదు, ఎగరడం లేదు. తాళంచెవి తిప్పిన చప్పుడు తన పక్కనే విన్నాడు. దిగి బానెట్ ఎత్తి, దాని చాటున ఖండప్ప మీద విరుచుకుపడ్డాడు.

"ఇంజనుకు ఏం కాలే మామా. నువ్వే ఆపినవ్."

"మెల్లగ మాట్లాడు. అటు చూడు."

దూరంగా చేల గట్ల మీద శరణమ్మ చెప్పులు చేతబట్టుకొని పరుగెత్తుతోంది. ఇంకా పావుగంట దారి.

"ఆమె వస్తున్నదని చెప్పి ఆపరాదా?"

"చెప్తే అబ్బయ్య లొల్లి పెడ్తడు. ఆమె ఏడ్చుకుంట పరీక్షకు పోవాలె. బండి ఖరాబైతే ఆమెను ఎవలేమంటరు?"

"మరి నా పేరు?"

ఖండప్ప మొదటిసారి మీసం దువ్వుకోలేదు. "పదకొండు నెలలు నీ పేరు నేనే కాపాడిన పీరప్పా. నిలిచిందని ఒక్కనికన్న చెప్పిన్నా? నీకన్న చెప్పిన్నా? నిలిచిందంటే నువ్వు ఒట్టు పెట్టుకున్న మనిషివి, దుకానం మూస్తుంటివి. ఇయ్యాల ఒక్క పావుగంట ఆ పేరు నాకియ్యి."

ఇన్నాళ్లూ ఈ మనిషిని తిక్కలోడనుకొని షెడ్డులో ఎంతమందికి చెప్పి నవ్వించాడో గుర్తొచ్చి పీరప్పకు సిగ్గేసింది. పానా తీసుకొని బానెట్ కిందికి వంగాడు. తగలకూడనిది ఏదీ తగలకుండా చూసుకుంటూ ఇనుము మీద ఠంగు ఠంగున కొట్టాడు. పైనుంచి సలహాలు కురుస్తూనే ఉన్నాయి. ఎద్దుల బండికి ఇంజను బిగించి చూడమన్నారు. అన్నీ తలొంచుకొని విన్నాడు.

శరణమ్మ వగరుస్తూ వచ్చి మెట్టెక్కింది. "మీ ఇంజను ఖరాబు చేసి దేవుడు నన్ను కాపాడిండు పీరప్పన్నా," అంది.

"అవునమ్మా, చానా ఖరాబు ఇంజను," అన్నాడు పీరప్ప బానెట్ వేస్తూ.

వ్యాను ఒక్క దెబ్బకు లేచింది. గుండమ్మ ఒట్టు సంగతి మళ్లీ ఎత్తింది. అప్పుడు అబ్బయ్య గొంతు సవరించుకొని, పావుగంటలోపు లేచిన బండిని నిలిచినట్టు ఏ కోర్టూ ఒప్పుకోదని తీర్పు చెప్పాడు. శరణమ్మ పరీక్ష వేళకు చేరింది, ఆ తరవాత గట్టెక్కింది కూడా. అబ్బయ్య కేసు ఎప్పటిలాగే వాయిదా పడింది.

మూడోనాడు మన్నళ్ళి జీపు ఆసామి షెడ్డుకు వచ్చాడు. కథ ఆయన దాకా చేరింది, దారిలో బాగా పెరిగింది కూడా.

"నడిరోడ్డు మీద చచ్చిన ఇంజనును ఒక్క పానాతో పావుగంటల లేపినవంట. ఏం చేసినవ్?"

పీరప్ప చేతులు తుడుచుకున్నాడు.

"ఏం చేయలే. కొంచెంసేపు ఓపిక పట్టిన, అంతే."

గొప్ప మిస్త్రీలు పని గుట్టు ఎవరికీ చెప్పరని ఆసామికి తెలుసు. జీపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.