మా బాపు సమాధి రాయి

నిరుడు చౌటుప్పల్ దగ్గర మా ఊరి చర్చిలో జరిగిన సంగతి ఇది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంగ్లండు తిరిగొచ్చిన మా సంఘ పెద్ద అక్కడి కెథడ్రల్ అనే ఒక పాత పెద్ద చర్చి ఫొటోలు తెరమీద చూపించాడు. లోపలంతా సమాధులే. రాజులు, రాణులు, బిషప్పులు, సేనాపతులు. పాలరాతి మీద చెక్కిన పేర్లు చూసి అందరూ నోళ్లు తెరిచారు.

"వందల ఏండ్లయినా ఒక్క రాయి కదిలియ్యలే. సచ్చినోళ్లకు గౌరవమంటే గట్ల ఇయ్యాలె" అన్నాడాయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కార్లు పెట్టడానికి జాగా లేదని, అంతకు రెండు నెలల ముందే చర్చి పక్కనున్న సమాధులను జేసీబీతో చదును చేయించింది ఆయనే. నన్ను కన్న మా బాపు సమాధి కూడా అందులోనే పోయింది. మాకు మాటమాత్రం చెప్పలేదు.

ఆడవాళ్ల వరుసలోంచి లేచి గట్టిగా అడిగాను. "అన్నా, మరి మా బాపు రాయి ఎందుకు కదిలిచ్చినవ్?"

"వాళ్లు రాజులమ్మా. జర కూసో."

"గా రాజులు మన చర్చికి రాళ్లు మోసిండ్రా? గీ గోడలకు మోసింది మా బాపు!"

ఆయన ప్రొజెక్టర్ కట్టేశాడు. అందరూ బైబిళ్లు సర్దుకుని లేచారు. బయటికొచ్చాక మాత్రం నలుగురు ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని, "మంచిగడిగినవ్" అని గుసగుసలాడారు. ఆ మాట లోపల అని ఉంటే వాళ్లకేం పోయేది?

చర్చిలో అరిచినందుకు నాకు సిగ్గు లేదు. గేటు నుంచి మూడో కారు నిలిచే చోట మా బాపు ఉన్నాడు. వారం వారం అక్కడ ఆగేది ఆ పెద్దమనిషి కారే.