తాళం వేసిన ఇంటికి వచ్చిన పుస్తకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఎవరిని అడిగినా ఆ మాట చెబుతారు. ఆ కోపంతోనే నేను ఒకసారి ఆన్‌లైన్ కంపెనీతో పోట్లాడాను. గెలిచాను కూడా. కానీ మధ్యలో నా నోరు ఒక పూటంతా పడిపోయింది.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది మాట. మా ఆయన గని లోపల ఫిల్లర్. పేల్చిన బొగ్గును తట్టకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బులో నింపే పని. పదిహేనేళ్లు చేశాక కుడి భుజం పైకి లేవడం మానేసింది. మైనింగ్ సర్దార్ పరీక్ష పాసైతే తట్ట దించేసి, పనివాళ్లనూ వాళ్ల భద్రతనూ చూసుకునే పనికి వెళ్లొచ్చు. పరీక్షకు నెలన్నర ఉంది. చదవాల్సిన పుస్తకం ధన్‌బాద్ వైపు ఎక్కడో అచ్చయ్యేది, మా ఊళ్లోనే కాదు, కరీంనగర్‌లో కూడా దొరకలేదు. నేనే నెట్ సెంటర్‌కు వెళ్లి, వెతికించి, ఆయన ఏటీఎం కార్డుతో పైసలు ముందే కట్టించి, ఆయన ఫోన్ నంబరే ఇచ్చి వచ్చాను. ఏడు రోజుల్లో ఇంటికి చేరుస్తామని కంప్యూటర్‌లో రాసి ఉంది.

ఏడు రోజులు పోయాయి. పదిహేను పోయాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే పాట వినిపించి వినిపించి లైను కట్ చేసేవాళ్లు. పద్దెనిమిదో రోజు కంప్యూటర్‌లో కొత్త ముక్క కనిపించింది. మూడుసార్లు వచ్చారట, ఇంటికి తాళమట, ఫోన్ స్విచ్ఛాఫట, పుస్తకం వెనక్కి పంపేశారట. ఆ రోజు ఫోన్‌లో దొరికిన మనిషి, తప్పు మీదే కాబట్టి డబ్బులు తిరిగి రావని చల్లగా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంట్ల మనిషి ఉండంగ తాళమేంది? అబద్ధానికన్న ఒక హద్దుండాలె!" అని అరిచాను. నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లంతా కంప్యూటర్లు వదిలేసి నన్ను చూశారు.

అక్కడి నుంచి తిన్నగా మా పక్క క్వార్టర్‌కు పోయాను. అందులో కొడుకు దగ్గర ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. చర్చిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆమే రాసేది. నా రంకెలన్నీ విని, నిదానంగా అడిగింది.

"పుస్తకం ఎవరి దగ్గరున్నది?"

"వాళ్ల దగ్గర్నే."

"పైసలు?"

"అవి గూడ వాళ్ల దగ్గర్నే."

"మరి నీ దగ్గరేమున్నది?"

"కోపమున్నది టీచరమ్మా."

ఆమె నవ్వి కాగితం తీసింది. చెప్పిన గడువుకు సరుకు రాకపోతే వద్దనే హక్కు, కట్టింది తిరిగి అడిగే హక్కు కొన్నవాళ్లకు ఉంటాయంది. సరుకూ సొమ్మూ రెండూ అట్టిపెట్టుకుంటే అది సేవాలోపం అవుతుందంది. ముందు నోటీసు పంపుదాం, పలకకపోతే కరీంనగర్‌లో వినియోగదారుల ఫోరం ఉంది, అక్కడ వకీలు లేకుండా మన గోడు మనమే చెప్పుకోవచ్చు అంది. బిల్లూ, బ్యాంకు కాగితమూ, ఏడు రోజులని రాసిన ముక్కా ప్రింటు తీయించి పెట్టుకోమంది.

"నాకు పైసలొద్దు, పుస్తకం కావాలె. పరీక్ష దగ్గరికొస్తున్నది."

"గదే రాస్త. పది రోజులల్ల పుస్తకమన్న పంపాలె, పైసలన్న ఇయ్యాలె."

ఇంటికి తాళం లేదని, ఎవరూ తలుపు కొట్టలేదని కూడా రాయించాను. దాని కింద ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మా ఆయన సంతకం కావాలి. అంతలో టీచరమ్మ పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది.

"బిడ్డా, వాళ్లు వచ్చినమన్న వారం ఆయనది ఏ షిఫ్టు?"

"నైట్ షిఫ్టు."

"నైట్ షిఫ్టుల ఆయన పండుకున్నంక నువ్వేం చేస్తవ్?"

నేను ఏం చేస్తానో ఆమెకు తెలుసు. ఆయన పొద్దున వచ్చి, తిని పడుకోగానే ఫోన్ ఆపేసి, బయట తాళం వేసి, ఆమె ఇంటి వెనక వసారాలో మూడింటి దాకా కూర్చుంటాను. తలుపు తీసి ఉంటే కూరగాయలమ్మ నుంచి చుట్టాల దాకా అందరూ కొడతారు. మా లైనులో నైట్ షిఫ్టు ఇళ్లన్నిటికీ అంతే. తాళం ఉందంటే లోపల మనిషి పడుకున్నాడని మా అందరికీ తెలుసు. కొరియర్ తెచ్చే మనిషిది మా లైను కాదు కదా!

అయినా నేను ఒప్పుకోలేదు. తాళముంటే ఉండనీ, తలుపు మాత్రం కొట్టలేదు, కొడితే మా ఆయన లేవడా అని కాగితం పట్టుకుని ఇంటికి పోయాను. ఆయన చదివి, సంతకం చెయ్యకుండా కింద పెట్టాడు.

"గిట్ల రాయకు. కొట్టిండ్రు. మూడు దినాలు కొట్టిండ్రు."

"మరి పలకలేదేంది?"

"పలికితే నాకు నిద్ర పడతలేదని నీకు ఎర్కయితది గద. అది పుస్తకమని నాకేమెర్క?"

నాకు అర్థం కాలేదు. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పట్టపగలు నాకు ఎన్నడు సక్కగ నిద్ర పట్టలే. గని లోపల పని సప్పుడున్నంత సేపు ఫికర్ లేదు. సప్పుడు ఆగిందంటె పైకప్పు ఏమన్న కదుల్తుందా అని చెవులు పెట్టుకొని ఉంటం. ఇల్లు గూడ గట్లనే సప్పుడు లేకుండ ఉంటె నిద్రెట్ల వస్తది? నువ్వేమో నా కోసం ఎండల పోయి కూసుంటున్నవ్. చెప్పబుద్ధి కాలే."

మా పెళ్లయి పదకొండేళ్లు. పదకొండేళ్లుగా ఆ మనిషి కళ్లు మూసుకుని, నేను తాళం తీసే చప్పుడు కోసం ఎదురు చూశాడు. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆఖరికి ఏడ్చాను. ఆ పూట నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

మర్నాడు నోటీసు మళ్లీ రాశాం. తాళం నిజమే, ఫోన్ ఆపింది నిజమే, తలుపు కొట్టింది కూడా నిజమే అని ముందే ఒప్పుకున్నాం. కానీ మీరు మొదటిసారి వచ్చేనాటికే మీరు చెప్పిన గడువు దాటింది, ఇప్పుడు పుస్తకమూ పైసలూ రెండూ మీ దగ్గరే ఉన్నాయి అని రాశాం. నిజం రాస్తే కేసు పలచనైపోదా అని నేను గునిశాను. ఇప్పుడే గట్టిగున్నది పో అంది టీచరమ్మ. రిజిస్టర్ పోస్టులో పంపాం.

తొమ్మిదో రోజు పుస్తకం వచ్చింది. తలుపు తీసే ఉంది, నేనే అందుకున్నాను. పరీక్షకు ఇంకా పదిహేను రోజులే. ఆయన మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. నేను పక్కనే వంటింట్లో గిన్నెలు తోముతూ, పప్పుకు పోపు పెడుతూ ఉన్నాను. కాసేపటికి గురక వినిపించింది. చూస్తే మూడో పేజీ దగ్గర పుస్తకం ఛాతీ మీద బోర్లా పడి ఉంది. లేపాలి, రోజులు లేవు. లేపలేదు. ఇంకో రెండు గిన్నెలు కావాలనే చప్పుడు చేస్తూ తోమాను.

తర్వాత రోజుల్లో అంతే, నిద్ర తీరాక లేచి చదివేవాడు. మనసు తేటగా ఉంటే అక్షరం ఆగుతుందని ఆయనే అన్నాడు. పరీక్ష పాసయ్యాడు. జాబితాలో పేరు చూసుకుని వచ్చిన రోజు అన్నం తిని, మంచం మీద వాలుతూ అడిగాడు.

"పోపు ఏసేది ఏమన్న ఉన్నదా?"

ఏమీ లేదు. అయినా మూకుడు పొయ్యి మీద పెట్టాను.