తాత వద్దన్న పేరు

మా బస్సు డిపోలో ఎవరికైనా పేరు తగిలించాలంటే నా తర్వాతే ఎవరైనా. ఏ పని చెప్పినా రేపటికి వాయిదా వేసే ఎలక్ట్రీషియన్‌కి ‘రేపు’ అని పెట్టాను. మబ్బు పడితే చాలు సెలవు చీటీ రాసే గుమాస్తాకి ‘వాన’ అని పెట్టాను. పెట్టిన గంటలో పేరు గేటు దాకా పాకేది. వారం తిరిగేసరికి ఆ మనిషి అసలు పేరు జనం మర్చిపోయేవాళ్ళు. అదేదో గొప్ప విద్య అయినట్టు కాలరెగరేసి తిరిగాను. ఇప్పుడు ఎవరైనా ఆ ఊసెత్తితే మాట మార్చేస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచిన పేరు ‘చక్రం’. ఆ పేరు మోసిన మనిషి నాకంటే రెండేళ్ళు ముందు డిపోలో చేరిన మెకానిక్కు. పొడుగు మనిషి. బస్సుల కింద దూరీ దూరీ, ఆరుబయట నడిచేటప్పుడు కూడా కాస్త మెడ వంచే నడిచేవాడు. నాకు పానా పట్టడం నేర్పింది ఆయనే. పానా జారితే మూతి పళ్ళు రాలకుండా ఎటు నిలబడాలో, జాకీ ఎక్కడ ఆనించాలో, చేతికంటిన గ్రీజు రంపపు పొట్టుతో ఎలా వదిలించుకోవాలో, అన్నీ ఆయన చలవే. పాత టైరు మీద కూర్చుని తినేటప్పుడు తన డబ్బా మూతలో నాకు సగం తీసి పెట్టేవాడు. నేను ‘అన్నా’ అనేవాణ్ణి, ఆయన ‘ఒరే’ అనేవాడు.

ఆ రోజు అయిదు బస్సులకి బ్రేకుల తనిఖీ. చక్రాలన్నీ విప్పి, చూసి, మళ్ళీ ఎక్కించాలి. ఉన్నది మేమిద్దరమే. ఇది నీది, అది నాది అని వాటాలేం లేవు. ఎవరి చేతులు ఖాళీ అయితే వాళ్ళు తర్వాతి చక్రం దగ్గరికి పోవడమే. నాలుగో బస్సుకి ముందు ఎడమ చక్రం నేనెక్కించాను. నట్లు చేత్తో తిప్పి నిలబెట్టాను. పానా అందుకోబోతుండగా క్యాంటీన్లో టీ దిగిందని కేక వినిపించింది. తాగొచ్చి బిగిద్దాంలే అనుకున్నాను. తాగొచ్చాను, నేరుగా అయిదో బస్సు దగ్గరికి పోయాను. నాలుగో దానికి జాకీలు దించి పని చీటీ మీద సంతకం పెట్టింది అన్న.

గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే చక్రం ఊడింది. తీరిగ్గా దొర్లుకుంటూ క్యాంటీన్ ముందు నుంచి వెళ్ళి, మేనేజరు గది ముందున్న పూలకుండీలను వరసగా పడగొట్టి, అక్కడ పడుకుంది. బస్సులో జనం లేరు, అదొక్కటే అదృష్టం. డ్రైవరు స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. అప్పటి ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి, “ఈ చక్రం ఎవరెక్కించార్రా?” అన్నాడు.

నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ వారంలోనే రావాలి. ఆ క్షణంలో ఆ కాగితం తప్ప నాకింకేం కనబడలేదు. అన్న నా వైపు చూశాడు. నిలదీసే చూపు కాదు, నిజంగా గుర్తు రాక అడిగే చూపు.

“నేను కుడివైపున్నాను కదన్నా. ఎడమవైపు నువ్వేగా” అన్నాను.

ఆయన కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత ఫోర్‌మన్‌తో, “అయితే నేనే అయ్యుంటాను సార్” అన్నాడు.

అక్కడితో నోరు మూసుకున్నా కొంత నయం. కానీ చుట్టూ చేరినవాళ్ళు ఇంకో ప్రశ్న అడిగేలోగా మాట దారి మళ్ళించాలి కదా. “దారివ్వండర్రా, చక్రం గారొస్తున్నారు” అన్నాను. ఫోర్‌మన్‌తో సహా అందరూ పగలబడి నవ్వారు. ఆయనకి పదిరోజులు సస్పెన్షన్. నాకు వారంలో కాగితం.

చెప్పేద్దామని ఎప్పుడూ అనిపించలేదా అంటే, అనిపించింది. ముందు కాగితం రానీ అనుకున్నాను. వచ్చాక, పదిరోజులు ఎలాగూ అయిపోయాయిగా అనుకున్నాను. ఆ తర్వాత, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళెందుకు చెప్పలేదంటారని ఆగాను. సాకులకి నా దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

పని మీదికి తిరిగొచ్చిన రోజున ఆయన జేబులో సుద్దముక్క తెచ్చుకున్నాడు. నట్టు బిగించాక దాని మీద ఒక గీత. మొత్తం చక్రం అయ్యాక మళ్ళీ మొదటి నట్టు నుంచి చూసుకుంటూ రెండో గీత. ఆ చేతి కింద మళ్ళీ ఒక్క నట్టు వదులు కాలేదు. కొండదారిలో తోలే డ్రైవర్లు పొద్దున్నే వచ్చి, “రెండు గీతల బస్సు ఏది?” అని అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. అంత పేరున్న మనిషి, పని ముగించి నా దగ్గరికొచ్చేవాడు. “ఒరే, ఓసారి చూస్తావా, బిగించానో లేదో” అని మెల్లగా అడిగేవాడు. నేను నలుగురూ చూస్తుండగా కళ్ళజోడు సర్దుకుని, వంగి, పరీక్షాధికారిలా ముఖం పెట్టి, “చక్రం గారు పాస్” అనేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం ఊపిరి పీల్చుకునేవాడు. ఆ తేడా నేను చూశాను. చూసి కూడా మర్నాడు మళ్ళీ అదే వేషం వేశాను.

ప్రమోషన్‌కి ఆయన పేరు రెండుసార్లు పైకి వెళ్ళి, ఫైల్లో ఉన్న ఆ పాత సస్పెన్షన్ కాగితం వల్ల రెండుసార్లూ వెనక్కొచ్చింది. వెనక వచ్చిన నేను ఫోర్‌మన్నయ్యాను. హాజరు పుస్తకంలో ఆయన పేరు రోజూ నా చేత్తోనే రాశాను, నోటితో మాత్రం చక్రం అనే పిలిచాను. ఆయన రిటైరైన రోజున సభలో మాట్లాడింది కూడా నేనే. మైకు దొరికితే నేను ఆగుతానా? చక్రం దొర్లడం, కుండీలు పడటం, అభినయంతో సహా చెప్పాను. హాలంతా ఘొల్లుమంది. ఆయన కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య నవ్వలేదు. ఆవిడకి హాస్యం తెలీదనుకున్నాను.

అయిదు నెలల క్రితం ఆయన పోయాడు. మొన్న ఆదివారం ఆయన కొడుకు మా ఇంటికొచ్చాడు. మందుల షాపులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. వాడికి మూడు వారాల క్రితమే కొడుకు పుట్టాడు.

“బాబాయ్, మీరొకసారి అమ్మతో మాట్లాడాలి” అన్నాడు.

“ఏమైందిరా?”

“పిల్లాడికి నాన్న పేరు పెడదామంటున్నాను. అమ్మ ససేమిరా అంటోంది.”

“ఎందుకట?”

“నాన్నే వద్దన్నాడట, ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మనవడు పుడితే నా పేరు మాత్రం పెట్టకండి, అజాగ్రత్త మనిషి పేరు పసివాడికెందుకు అన్నాడట.” వాడు మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. “ఎప్పుడో ఒక చక్రం ఊడినందుకు బాబాయ్. అప్పుడు మీరక్కడే ఉన్నారుగా. అదేం పెద్ద తప్పు కాదని మీరు చెబితే అమ్మ వింటుంది. రేపు బర్త్ సర్టిఫికెట్‌కి పేరు రాయించాలి.”

వెంటనే బయల్దేరాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. యంత్రాలన్నాక ఊడతాయి, మనుషులన్నాక మరుస్తారు, ఇలాంటివి. అంటే అప్పటికి కూడా నిజం చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి.

వాళ్ళది మేడ మీద రెండు గదుల ఇల్లు. వరండాలో తీగ నిండా చంటిపిల్లాడి గుడ్డలు ఆరుతున్నాయి. లోపల మడతపెట్టిన దుప్పటి మీద పిల్లాడు పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్నాడు. పక్కనే కోడలు ఆరిన గుడ్డలు మడత పెడుతోంది. “రండి మరిదిగారూ” అంటూ వదిన కుర్చీ జరిపింది. నేను కూర్చుని కూడబలుక్కున్నదంతా ఒప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా వింది.

“మీకు చిన్న విషయమే మరిదిగారూ. ఆయనకి కాదు” అంది. “బయటికెళ్తే వీధి చివరిదాకా పోయి వెనక్కొచ్చేవారు, తాళం వేశానా లేదా అని. స్టవ్ ఆపింది నేనైనా మళ్ళీ వెళ్ళి చూసేవారు. మావాడు పుట్టినప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. కింద కూర్చుంటాను, ఒళ్ళో పెట్టు అనేవారు. నా చేతుల మీద నాకే నమ్మకం లేదే అనేవారు.”

కొడుకు తలొంచుకున్నాడు. ఈ సంగతి వాడికీ తెలీదనుకుంటాను.

“ఒక్కటి మాత్రం ఆయనకి ఎంతకీ అర్థమయ్యేది కాదు” అని వదిన మళ్ళీ అందుకుంది. “ఆ రోజు నేను ఎక్కించిన చక్రాలన్నీ గుర్తున్నాయే, ఆ ఒక్కటే గుర్తు రావట్లేదు అనేవారు. బుర్రలో ఏదైనా తేడా ఉందేమోనని ఓసారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారు. పాపం, ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.”

నేను మా వాళ్ళతో నవ్వుకుంటూ టీ తాగిన ఇన్నేళ్ళూ, ఈ మనిషి తను చెయ్యని పనిని గుర్తు తెచ్చుకోవాలని తంటాలు పడ్డాడు.

“ఎలా గుర్తొస్తుంది వదినా” అన్నాను. “అది ఆయన ఎక్కించింది కాదు. నేనెక్కించాను.”

కోడలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. కొడుకు, “ఏంటి బాబాయ్?” అన్నాడు, సరిగ్గా వినబడనట్టు. అంతా చెప్పాను. టీ సంగతి, కాగితం సంగతి, కుడివైపున్నానని ఆడిన అబద్ధం, దాన్ని కప్పెట్టడానికి పెట్టిన పేరు. జీవితంలో మొదటిసారి నా మాటకి ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని నేనూ అనుకోలేదు.

వదిన ఏడవలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. “ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా?” అంది.

అడగలేదని చెప్పొచ్చు. వినడానికి ఆయన లేడు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“అడిగాడు వదినా. రిటైరైన సాయంత్రం, బస్‌స్టాప్‌లో. ఇక రేపట్నుంచి రాను కదరా, ఒక్కటి చెప్పు, ఆ చక్రం నేనెక్కిస్తుంటే నువ్వు కళ్ళారా చూశావా అన్నాడు.”

“మీరేమన్నారు?”

“చూశానన్నా అన్నాను. అయితే సరే అని బస్సెక్కాడు.”

అంతమంది ముందు కథ చెప్పి నవ్వించిన రోజునే, అదే నోటితో అన్న మాట అది. అప్పటికి నా ఉద్యోగానికొచ్చిన ముప్పేమీ లేదు. నలుగురిలో పరువు పోతుందని, అంతే.

వదిన లేచి వెళ్ళి పిల్లాడి మీద గుడ్డ సర్దింది. కొడుకుతో, “మీ నాన్న పేరే రాయించు” అంది. తర్వాత నావైపు తిరగకుండానే, “ఫోర్‌మన్ గారూ, మీరిక వెళ్ళండి” అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మరిదిగారూ అని తప్ప ఇంకోలా పిలవలేదు.

చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనకే కొడుకు వచ్చాడు. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను, పడాల్సిన దెబ్బలేవో పడి ఊరుకునేవాణ్ణి. వాడు నాకంటే ఒక మెట్టు పైన ఆగిపోయాడు.

“ఇంట్లో ఏది పోయినా, ఏది పగిలినా నాన్ననే అనేవాళ్ళం బాబాయ్” అన్నాడు. “నేను కూడా. పరీక్ష రోజున నా హాల్ టికెట్ కనబడకపోతే, నువ్వే ఎక్కడో పారేసి ఉంటావని అందరి ముందూ అరిచాను. ఆయన కాదనలేదు. ఆఫీసు దాకా నాతో పరుగెత్తుకొచ్చి, తప్పు నాదే అని వాళ్ళని బతిమాలి ఇంకోటి ఇప్పించాడు.”

“పోనీలేరా, చిన్నతనం” అన్నాను.

“ఆ సాయంత్రం అది నా పుస్తకంలోనే దొరికింది. చించి పారేశాను. ఆయనకి చెప్పలేదు.”

పైన పిల్లాడు లేచి ఏడుపందుకున్నాడు. వదిన వాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతూ, తాత పేరుతో పిలుస్తూ ఊరుకోబెడుతోంది. ఆ పేరు కిందికి స్పష్టంగా వినిపిస్తోంది. మేమిద్దరం మెట్ల మీదే నిలబడిపోయాం. తలెత్తి పైకి చూడటానికి ఇద్దరికీ ముఖం చెల్లలేదు.