గాట్ అంటే గట్టు

ఆగస్టు నెల. ఉదయం నాలుగున్నరకు బహ్రెయిన్‌లో అస్కర్ క్యాంపు ముందు బస్సు దిగాను. సూర్యుడింకా రాలేదు, చొక్కా మాత్రం ఒంటికి అతుక్కుపోయింది. సంతకం పెట్టించుకుని సామాన్ ఇచ్చారు. మెరిసే జాకెట్టు ఒకటి, విజిల్ ఒకటి, వాకీటాకీ, తాళం, రిజిస్టరు. పోస్టు గేటు నంబరు రెండు. డ్యూటీ ఐదు నుంచి ఐదు. ఆర్డరు ఒకే వాక్యం: బదులు మనిషి రానిదే గేటు వదలరాదు.

పదిహేడేళ్లు పటాలంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి. నాకు ఆర్డరు రెండోసారి చెప్పనక్కర్లేదు. మా ఊళ్లో ఇప్పటికీ సరిహద్దు కబుర్లే అడుగుతారు. మంచు, బంకర్లు, తుపాకులు. అడిగినవాళ్లకు చెబుతాను. నన్ను వదలనిది మాత్రం బహ్రెయిన్‌లో ఆ గేటు దగ్గర చేసిన పద్నాలుగు నెలలు.

గేటు లోపల ఏదో కట్టడానికి పెద్ద గొయ్యి తవ్వారు. ఎనిమిది మీటర్ల లోతు. అది ఉప్పు నేల, రెండు మీటర్లు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లను పంపులతో తోడి పక్కనున్న మడుగులో పోసేవాళ్లు. మడుగుకీ గొయ్యికీ మధ్య ఒక మట్టికట్ట. సైటులో దాన్ని బండ్ అనేవాళ్లు. గొయ్యిలో రోజూ పదకొండు మంది శ్రీకాకుళం వాళ్లు ఇనుప చువ్వలు కట్టేవాళ్లు.

పంపుల ఫోర్‌మన్ హంగేరీ మనిషి. యాభై ఎనిమిదేళ్లు. మెడకు ఎర్ర రుమాలు, చేతిలో కర్ర. మొదటిరోజు నా రిజిస్టరులో వర్గ బేలా అని రాశాడు. కార్డు మీద బేలా వర్గ అని ఉంది. ఆపాను.

"ఇంటిపేరు ముందు. మా దేశంలో అంతే," అన్నాడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"మా దగ్గరా అంతే. కానీ మా భాషలో బేల అంటే లోకం తెలియని అమాయకురాలు."

పడీపడీ నవ్వాడు. మర్నాటి నుంచి ఐదూ నలభైకి నా గేటు దగ్గరే టీ. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే వాళ్ల ఊరంతా తిరిగాను.

టౌను అని పేరే గాని మా మండల కేంద్రమంత కూడా ఉండదట. నేల బల్లపరుపు. పక్కన తీసా అనే నది. కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్లు. పంట చేతికొచ్చే రోజుల్లో ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చి ఇంటి గోడలకు వేలాడదీస్తారు. మిరప మాకు కొత్తా అని గొప్పలు పోతే, మా ఆవిడ కట్టిచ్చిన పండుమిరప పచ్చడి కాస్త నాలుకకు తగిలించాను. ఆ రోజు మళ్లీ నా గేటు వైపు రాలేదు.

వాళ్ల ముత్తాత కాలంలో నది ఊరిని ఊడ్చుకుపోయింది. మళ్లీ కట్టుకున్నారు. తర్వాత యుద్ధం వచ్చి మగవాళ్లను తూర్పుకు పట్టుకుపోయింది. వాళ్ల తాత తిరిగి రాలేదు. ఆ తర్వాత ప్రభుత్వం పొలాలన్నీ ఒకటి చేసింది, కొన్నాళ్లకు మళ్లీ ఎవరివి వాళ్లకు ఇచ్చింది. ఇచ్చేసరికి చేసేవాళ్లు లేరు. పిల్లలు జర్మనీ పోయారు. రైలు ఆగడం మానేసింది. చర్చి గంట మాత్రం రోజూ మధ్యాహ్నం పన్నెండుకు మోగుతుంది, వినడానికి ఎంతమంది ఉన్నా సరే.

"మా నాన్నది నది దగ్గర కాపలా ఉద్యోగం," అన్నాడొకరోజు. దేనికి కాపలా అంటే ఇంగ్లీషు మాట దొరకలేదు. చేత్తో గాలిలో దిబ్బలా గీసి, "గాట్, గాట్," అన్నాడు.

"గట్టా?" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టేశాడు.

నేను గోదావరి గట్టు వారన పుట్టినవాణ్ణి. వరదొస్తే మా మగవాళ్లంతా గట్టు మీదే. గట్టు అడుగున నీరు ఊటలా చిమ్మితే దాన్ని బుంగ అంటాం. బుంగ కనపడ్డ చోట కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి, కేకేస్తాం. బుంగ గండి కాకముందే ఇసుక బస్తాలు పడాలి. వాళ్లదీ అదే పద్ధతి. కర్ర, గుడ్డ, కేక. ఎక్కడి గోదావరి, ఎక్కడి తీసా!

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అది బండ్ కాదు. "గాట్ చూసొస్తా," అని లేచేవాడు. "గట్టు జాగ్రత్త," అనేవాణ్ణి. మా పికప్ డ్రైవరుది కరీంనగర్. "మీరిద్దరు చుట్టాలా ఏంది సాబ్?" అనేవాడు.

మార్చిలో వాన పట్టుకుంది. అక్కడ వాన అంటే ఏడాదికి నాలుగు జల్లులు. ఆసారి రెండు రోజులు విడవకుండా కురిసింది. మడుగు నిండింది. మూడోనాడు తెరిపిచ్చింది. ఆరింటికే కూలీలను గొయ్యిలోకి దించారు. బేలా టీ తాగలేదు.

"గాట్ నానిపోయింది. దించొద్దన్నాను, వినలేదు," అని కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదీ పన్నెండు. వాకీటాకీ గరగరలాడింది. బేలా గొంతు.

"గాట్! గాట్!" తర్వాత ఏవో వాళ్ల భాష మాటలు. ప్రాణం మీదికొస్తే ఎవరికైనా అమ్మ నేర్పిన మాటే నోట్లోకి వస్తుంది.

కంట్రోల్ రూం ఆపరేటర్ అందుకున్నాడు. "గేట్ టూ, గేట్ టూ, ఏమైంది?"

"గేట్ ఓకే. ఓవర్," అన్నాను.

"గాట్!"

"గేట్ టూ, మళ్లీ చూడు."

"గేట్ ఓకే."

"అయితే మూసెయ్. ఎవర్నీ రానివ్వకు."

మూసేశాను. డ్రైవరు పరుగున వచ్చాడు. "మూసుడెందుకు సాబ్? ఎవలకో దెబ్బ తాకినట్టుంది. అంబులెన్సుకు గేటు తెరువుమంటున్నడేమో?" తెరవాలా, మూయాలా అని ఇద్దరం వాదించుకున్నాం. ఏడు నెలలుగా రోజూ వింటున్న మాట అది. గేటు తాళం చేతిలో ఉన్న నా చెవికి మాత్రం గేటే వినపడింది.

మళ్లీ వచ్చింది. సన్నగా.

"గేటు కాదు సాబ్," అన్నాడు డ్రైవరు. "గాటు, గాటు అంటుండు."

గాట్ అంటే గట్టు. గడియారం చూశాను. తొమ్మిదీ పదహారు. నాలుగు నిమిషాలు.

గేటు వదిలాను. పికప్‌లో గొయ్యి అంచుకు చేరి విజిల్ ఊది కేకేశాను. "గట్టు తెగిపోతోంది! పైకి వచ్చేయండి!"

కింద మేస్త్రీ తలెత్తాడు. "ఏటి బాబూ, గట్టా?" అంతే, అతనికి ఇంకో మాట అక్కర్లేదు. "ఒరే, చువ్వలు వొగ్గేయండి! ఎక్కండ్రా!"

మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్క తలనూ లెక్కపెట్టాను.

బేలా గట్టు అడుగున ఒక్కడే ఉన్నాడు. బుంగ పక్కన కర్ర పాతాడు, దానికి తన ఎర్ర రుమాలు కట్టాడు. మోకాళ్ల లోతు బురదలో నిలబడి బస్తాలు వేస్తున్నాడు. వచ్చెయ్యమని అరిచాను. తలెత్తి, "ఎంతమంది?" అన్నాడు.

"పదకొండు! అందరూ!"

తలూపాడు. చేతిలో బస్తా వదిలి ఇటు తిరిగాడు. రెండడుగులు వేశాడు.

తొమ్మిదీ ఇరవై ఒకటికి గట్టు తెగింది.

సాయంత్రం నాలుగింటికి గానీ దొరకలేదు. వాళ్ల దేశం పంపే శవపెట్టె మీద అంటించిన కాగితంలో బేలా వర్గ అని ఉంది. ఇంటిపేరు ముందు రాయమని గుమాస్తాను అడిగాను. పాస్‌పోర్టు ప్రకారమే అన్నాడు. నా రిజిస్టరులో మాత్రం, బయటికి వెళ్లినవాళ్ల వరుసలో, వర్గ బేలా అని రాశాను.

గేటు వదిలినందుకు నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. దానికి బాధ లేదు. దాంతోపాటు విచారణ కాగితం ఒకటి పెట్టారు. 'రేడియోలో మాట స్పష్టంగా లేదు' అని ఉంది. సంతకం పెట్టాను. పదిహేడేళ్ల సర్వీసులో ఎప్పుడూ అబద్ధానికి సంతకం పెట్టలేదు. అదొక్కటే.

అక్టోబరులో ఇంటికొచ్చాను. మరుసటి ఏడు వరదకు మా వాళ్లతో గట్టు ఎక్కాను. అందరూ సరిహద్దు కబుర్లు చెప్పమన్నారు. ఈ కథ చెప్పాను. మాట స్పష్టంగానే ఉందని మొదటిసారి పైకి అన్నాను. ఆ నాలుగు నిమిషాలు ముందు వెళ్లి ఉంటే అతను ఎక్కివచ్చేవాడు. ఒక పెద్దాయన నా చేతికి కర్ర, ఎర్రగుడ్డ ఇచ్చి, "పద, మన వంతు చూసొద్దాం," అన్నాడు.

నడుస్తున్నంతసేపూ నాకు ఆ కర్రే కనపడింది. గట్టు తెగి, బస్తాలు పోయి, మనిషి పోయాక కూడా, బేలా పాతిన కర్ర ఎర్ర రుమాలుతో నీళ్లలో ఒక్క క్షణం నిలబడే ఉంది.